లంబసింగి ఘాటుకు ఏ ఉక్కు సైకిలు?

డిసెంబరు వచ్చిందంటే నర్సీపట్నానికి రాత్రిపూట నిద్ర తక్కువ. లంబసింగి మంచు చూడాలని విశాఖ నుంచి, తుని నుంచి, కాకినాడ నుంచి బయల్దేరిన కార్లు, బైకులు అర్ధరాత్రి దాటాక ఊరి మీదుగా కొండవైపు మళ్లుతుంటాయి. ఆ వరసలో ఓ పక్కగా, వెనక ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటూ, సైకిళ్లు కూడా కనిపిస్తాయి. టీకొట్టు దగ్గర ఆగితే చుట్టూ చేరేవాళ్లు అడిగేవి మూడే ప్రశ్నలు: ఎంత పెట్టి కొన్నావు, ఎన్ని గేర్లు, బరువెంత? ఫ్రేము సంగతి ఎవరూ అడగరు. గేర్లు మార్చుకోవచ్చు, చక్రాలు మార్చుకోవచ్చు, సీటు నచ్చకపోతే ఇంకోటి వేయించుకోవచ్చు. కొన్న ఫ్రేము మాత్రం ఇరవై ఏళ్లు వెంట ఉంటుంది. అది ఉక్కుదైతే అంతకన్నా ఎక్కువే.

ఈ ఘాటు రోడ్డుకు పెద్ద కథే ఉంది. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు దారి వేయించేటప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండజనం చేత అరకొర కూలికి చాకిరీ చేయించాడు. 1922 పితూరీ రాజుకోవడానికి ఉన్న కారణాల్లో అదొకటి. ఆ ఏడాది ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడింది. అప్పుడు కొండజనం రెక్కలు విరిచిన దారిని ఇప్పుడు సరదాకు తొక్కుతున్నారు.

నర్సీపట్నం సముద్రమట్టానికి పెద్దగా ఎత్తులో లేదు, అరవై మీటర్లకు కాస్త అటూఇటూ. లంబసింగి సుమారు వెయ్యి మీటర్లు. మధ్యలో దూరం ముప్పై కిలోమీటర్లకు దగ్గర. మొదట వరిచేలు, జీడిమామిడి తోటల మధ్య చదునైన రోడ్డు. డౌనూరు దాటాక అసలు ఎక్కుడు మొదలవుతుంది. ఒకే ఉదయం ఒకే సైకిలు చదును దారిలో పరుగెత్తాలి, మెలికల్లో ఎక్కాలి, గడ్డకట్టిన వేళ్లతో బ్రేకులు పట్టుకుని దిగాలి. ఫ్రేము ఎంపికకు ఇంతకన్నా మంచి పరీక్ష వెతికినా దొరకదు.

ఉక్కు ఫ్రేము మనకు కొత్తేమీ కాదు. ఇంటింటా ఒకప్పుడు నిలబడిన అట్లాస్, హీరో, హెర్క్యులస్ అన్నీ ఉక్కువే. ఒకటి సోనీపత్‌ది, ఒకటి లూథియానాది, ఒకటి చెన్నై అంబత్తూరుది. కడ్డీ కిందనుంచి కాలు దూర్చి అర తొక్కుడు నేర్చుకున్న తరానికి ఆ ఫ్రేము మీద అంత నమ్మకం ఎందుకో చెప్పక్కర్లేదు. రెండు వడ్ల బస్తాలు వెనక కట్టి, ముందు కడ్డీ మీద పిల్లాణ్ణి కూర్చోబెట్టినా కిమ్మనేది కాదు. బరువు ఇరవై కిలోలకు అటూఇటూ ఉండేది. ముందు ఫోర్కు బాగా వాలి ఉండటం వల్ల, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం ఎక్కువ కావడం వల్ల, గోతుల్లో కూడా ఊయలలా సాగేది. అట్లాస్ తన చివరి కర్మాగారాన్ని, సాహిబాబాద్‌లోనిది, 2020 జూన్ 3న మూసేసింది. ఆ రోజు ప్రపంచ సైకిలు దినోత్సవం కావడం ఒక చేదు ముచ్చట.

ఆ పాత సైకిలుదీ ఉక్కే, ఇప్పుడు లక్ష దాటి అమ్ముడుపోయే టూరింగ్ సైకిలుదీ ఉక్కే. మరి తేడా ఎక్కడుంది?

మొదటిది మామూలు తక్కువ కార్బన్ ఉక్కు. రెండోది క్రోమోలీ. ఇనుములో సుమారు ఒక శాతం క్రోమియం, 0.2 శాతం మాలిబ్డినం, 0.3 శాతం కార్బన్ కలిపితే 4130 అనే రకం వస్తుంది. మామూలు గొట్టంతో పోలిస్తే దీని బలం దాదాపు రెట్టింపు. అయితే చాలామంది పొరపడేది ఇక్కడే. బలం వేరు, బిగువు వేరు. వంచితే ఎంత లొంగుతుంది అన్న లెక్కలో ఉక్కులన్నీ ఇంచుమించు ఒకటే. గేటుకు వాడే ఇనుప గొట్టమూ, రేనాల్డ్స్ 853 అనే ఖరీదైన సైకిలు గొట్టమూ ఒకే కొలతల్లో ఉంటే ఒకేలా వంగుతాయి. ఖరీదైన ఉక్కుతో వచ్చే లాభమల్లా, విరగకుండానే గొట్టాన్ని పలచగా చేసుకోవచ్చు. పలచనైతే బరువు తగ్గుతుంది, కాస్త సాగే గుణం వస్తుంది. "ఉక్కు మెత్తగా ఉంటుంది" అని షాపువాడు చెబితే, ఏ గొట్టం, ఎంత లావు, ఎంత మందం అని అడగాలి. ఆ మూడూ చెప్పకుండా ఉక్కు మెత్తన అనడం బియ్యం రకం చెప్పకుండా అన్నం బావుంటుందని చెప్పినట్టే.

లావు ప్రభావం ఎంతో ఒక్క లెక్కలో తెలుస్తుంది. పాత పద్ధతి కింది గొట్టం వ్యాసం 28.6 మిల్లీమీటర్లు. తర్వాత వచ్చిన లావు రకం 31.8. గోడ మందం మార్చకుండా ఈ మూడు మిల్లీమీటర్లు పెంచితే చాలు, గొట్టం బిగువు దాదాపు 37 శాతం పెరుగుతుంది. వ్యాసం ఘనం చొప్పున పెరిగే లెక్క ఇది. యాభై అయిదు కిలోల మనిషికి లావు గొట్టాల ఫ్రేము అంటగడితే రాయిలా ఉందని వాపోవడం ఖాయం. తొంభై కిలోల మనిషి పలచని సన్న గొట్టాల మీద కూర్చుని, వెనక సామాను కట్టుకుని ఘాటు దిగితే హ్యాండిల్ వణకడం మొదలెడుతుంది. ఉక్కు పేరు ఒకటే అయినా ఇద్దరి అనుభవానికీ పొంతన ఉండదు.

మంచి గొట్టానికి ఇంకో రహస్యం ఉంది. అతుకులు పడే రెండు చివర్లూ మందంగా, నడుమ పలచగా ఉంటుంది. పైకి చూస్తే తేడా కనిపించదు, మందమంతా లోపలివైపే. బర్మింగ్‌హామ్‌లో మేకులు చేసే రేనాల్డ్స్ కుటుంబం 1897లో దీనికి పేటెంటు తీసుకుంది. అదే సంస్థ 1935లో తెచ్చిన 531 రకం దశాబ్దాల పాటు పందెపు సైకిళ్లను ఏలింది. ఇటలీలో 1919లో మిలాన్‌లో మొదలైన కొలంబస్ దాని పోటీదారు. బట్టెడ్ అని పిలిచే ఈ గొట్టాల్లో 0.9–0.6–0.9 మిల్లీమీటర్లనేది తరచూ కనిపించే కొలత. నడుమ 0.6 అంటే రెండు విజిటింగ్ కార్డులు కలిపినంత మందం. మనిషి బరువును మోసేది అంతే.

దీన్ని షాపులోనే పరీక్షించవచ్చు, ఏ పరికరమూ అక్కర్లేదు. కింది గొట్టం మీద ఒక చివర నుంచి ఇంకో చివరకు చూపుడు వేలి గోరుతో టిక్కు టిక్కుమని కొట్టుకుంటూ పోవాలి. చివర్లలో మొద్దుగా పలికిన చప్పుడు నడుమకొచ్చేసరికి ఖంగున మోగితే అది బట్టెడ్ గొట్టం. మొదటి నుంచి చివరి దాకా ఒకే మొద్దు స్వరమైతే స్టిక్కరు ఏం చెప్పినా అనుమానించాలి. పుచ్చకాయను తట్టి చూసి కొనేవాళ్లకు ఈ విద్య కొత్తగా నేర్పక్కర్లేదు.

ఇంతకీ ఈ గొట్టాలు గంటన్నర దూరంలో ఉన్న విశాఖ ఉక్కు కర్మాగారంలో తయారవుతాయా అని నర్సీపట్నంలో ఎవరికైనా సందేహం రావడం సహజం. కావు. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అంటూ ప్రాణాలొడ్డి సాధించుకున్న ఆ కర్మాగారం తీసేది కడ్డీలు, వైర్ రాడ్లు, దూలాలు. సైకిలు గొట్టానికి కావలసింది రేకు చుట్టి అతికిన గొట్టం, లేదా అతుకే లేకుండా సాగదీసిన గొట్టం. ఆ పని చెన్నై ఆవడిలోని ట్యూబ్ ప్రొడక్ట్స్ లాంటి చోట్ల జరుగుతుంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు ఒకప్పుడు డమాస్కస్ కత్తులకు పోయింది. ఇవాళ మన మంచి సైకిళ్ల క్రోమోలీ గొట్టాల్లో చాలా భాగం తైవాన్ నుంచి వస్తోంది.

ఉక్కు తేలింది. ఇక తొక్కే తీరు. అసలు తేల్చుకోవలసింది ఇదే, ఎక్కువమంది దాటేసేదీ ఇదే.

పొద్దున్నే అయిదింటికి లేచి, మాకవరపాలెం మీదుగా తాళ్లపాలెం దాకా పోయి, ఎనిమిదింటికల్లా ఇంటికొచ్చి ఆఫీసుకు తయారయ్యేవాళ్లుంటారు. వీళ్లకు కావలసింది చురుకుదనం. ఫ్రేములో మొదట చూడవలసింది హెడ్ కోణం, అంటే హ్యాండిల్ కింది గొట్టం నేలతో చేసే కోణం. అది 73 డిగ్రీలుండి, ఫోర్కు ముందుకు 45 మిల్లీమీటర్లు వంగి ఉంటే, ట్రెయిల్ అనే కొలత 57 మిల్లీమీటర్ల చుట్టూ తేలుతుంది. హ్యాండిల్ తిప్పే ఇరుసు గీతను నేల దాకా పొడిగిస్తే, టైరు నేలను తాకే చోటు దానికి ఎంత వెనక పడుతుందో ఆ దూరమే ట్రెయిల్. అదే ఫోర్కుతో కోణాన్ని 71కి వాల్చితే ట్రెయిల్ 69 మిల్లీమీటర్లు దాటిపోతుంది. చేతులు కాస్త వదిలినా సైకిలు తన దారిన తాను పోతుంది, కానీ మలుపులో దాన్ని ఒప్పించాలి. రెండు డిగ్రీల తేడా కంటికి ఆనదు, చేతికి తెలుస్తుంది.

రెండో రకం దూరం పిచ్చి ఉన్నవాళ్లు. గడువులోగా దూరం ముగించే బ్రెవేలంటే ఈపాటికి తెలుగు నేల మీద చాలామందికి తెలుసు, హైదరాబాద్ రాండనర్స్ లాంటి బృందాలు ఏళ్లుగా నడుపుతున్నాయి. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 300 ఇరవై గంటల్లో, 600 నలభై గంటల్లో ముగించాలి. ఇది పందెం కాదు, మొదటివాడికీ చివరివాడికీ దక్కేది ఒకటే. ఈ ఆటకు తల్లి పారిస్–బ్రెస్ట్–పారిస్. 1891లో పుట్టింది, ఇప్పుడు నాలుగేళ్లకోసారి జరుగుతుంది. 1200 కిలోమీటర్లకు 90 గంటలు. నలభై గంటలు సీటు మీదే గడిపే మనిషికి వేగం కన్నా మెడ, నడుము, అరచేతులు ముఖ్యం. అందుకే వీళ్లు ఫ్రేము పొడవుకన్నా ముందు ఎత్తు చూసుకోవాలి. పెడళ్ల ఇరుసు నుంచి హెడ్ గొట్టం పైకొన దాకా నిలువు కొలతను స్టాక్ అంటారు, అడ్డ కొలతను రీచ్ అంటారు. పందెపు ఫ్రేములో స్టాక్ తక్కువ, రీచ్ ఎక్కువ, మనిషి ముందుకు పడుకుంటాడు. రాత్రి రెండింటికి, నాలుగు వందలో కిలోమీటరు దగ్గర, ఆ భంగిమను శరీరం ఒప్పుకోదు.

మూడో రకం సామాను మోసేవాళ్లు. గుడారం, దుప్పటి, స్టవ్వు వెనక సంచుల్లో సర్దుకుని చింతపల్లి మీదుగా ఏజెన్సీలో నాలుగు రోజులు తిరిగేవాళ్లు. వీళ్ల ఫ్రేముకు ముఖ్యమైనది చెయిన్‌స్టే, అంటే పెడళ్ల ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసు దాకా పోయే సన్న గొట్టం. పందెపు సైకిలులో ఇది 405 నుంచి 415 మిల్లీమీటర్లు. లోకమంతా తిరిగే టూరింగ్ సైకిలుగా పేరున్న సర్లీ లాంగ్ హాల్ ట్రక్కర్‌లో 460. ఈ తేడా ఎందుకో వెనక సంచులు కట్టి తొక్కితే ఒక్క నిమిషంలో తెలుస్తుంది. చెయిన్‌స్టే పొట్టిదైతే తొక్కిన ప్రతిసారీ మడమ సంచికి తగులుతుంది. బరువు ఇరుసుకు వెనక పడి, ఎక్కుడులో ముందు చక్రం తేలిపోతుంది.

నిజానికి నర్సీపట్నంలో ఉండే మనిషి ఈ మూడింటిలో ఒక్కటే అయి ఉండడు. వారమంతా మొదటివాడు, చలికాలంలో ఘాటెక్కేవాడు, సంక్రాంతి సెలవుల్లో మూడోవాడు. అలాంటివాళ్లు తెలిసి చేయాల్సిన రాజీ ఒకటుంది: హెడ్ కోణం 72 చుట్టూ, చెయిన్‌స్టే 425 నుంచి 435 మధ్య, వెనక క్యారియర్ బిగించే రంధ్రాలు తప్పనిసరి. వీటన్నిటికన్నా ముందు టైరుకు చోటు.

ఈ చివరిదాన్ని కొనేవాళ్లు మరిచిపోతారు, అమ్మేవాళ్లు గుర్తుచేయరు. మన రోడ్ల మీద ఫ్రేము గుణం ఎంతో, టైరు గుణం అంతకు నాలుగింతలు. 25 మిల్లీమీటర్ల టైరులో 90 పౌండ్ల పైన గాలి కొట్టాలి. 32 మిల్లీమీటర్ల టైరుకు అరవై చాలు. గోతిలో పడిన దెబ్బను మొదట మింగేది ఆ గాలే, రేనాల్డ్స్ గొట్టం దాకా వచ్చేది మిగిలిందే. ఎంత మేలైన ఉక్కయినా 25 దాటి పట్టని ఫ్రేము ఏజెన్సీ రోడ్డు మీద ఒళ్లు హూనం చేస్తుంది. చవక క్రోమోలీ అయినా 35 పట్టే ఫ్రేము హాయిగా మోస్తుంది. పొట్టి కాళ్ల కాలిపర్ బ్రేకులుంటే 28 దాటి పట్టదు. 47 నుంచి 57 మిల్లీమీటర్ల పొడవు కాళ్లవైతే 32 దూరుతుంది, మడ్‌గార్డు కూడా కావాలంటే మళ్లీ 28 దగ్గర ఆగాలి. డిస్కు బ్రేకు ఫ్రేముకు ఈ బాధ లేదు. వానాకాలంలో టైరుకు అంటిన ఎర్రమన్ను ఫోర్కు సందులో ఇరుక్కుని చక్రం నిలిచిపోవడం ఎరిగినవాళ్లు, టైరుకూ ఫ్రేముకూ మధ్య చిటికెన వేలు దూరుతుందో లేదో చూసి గానీ డబ్బు తీయరు.

డిస్కుకు ఇచ్చుకోవలసిన మూల్యమూ ఉంది. ఇరుసు దగ్గర పట్టే బ్రేకు లాగుడును తట్టుకోవాలంటే ఫోర్కు కాళ్లు లావుగా ఉండాలి. సన్నగా వంగిన పాత ఉక్కు ఫోర్కు ఇచ్చే మెత్తదనం అక్కడ పోతుంది. అయినా లంబసింగి నుంచి దిగేటప్పుడు రిమ్ము వేడెక్కి ట్యూబు పగులుతుందన్న భయం లేకపోవడం చిన్న సంగతి కాదు. ఘాటు దిగేవాళ్లకు డిస్కే మేలు. తుని రోడ్డుకే పరిమితమైనవాళ్లకు రిమ్ బ్రేకు బంగారంలా సరిపోతుంది.

ఇక బరువు, టీకొట్టు దగ్గరి మూడో ప్రశ్న. బట్టెడ్ క్రోమోలీ ఫ్రేము రెండు కిలోలకు అటూఇటూ ఉంటుంది. కార్బన్ ఫైబరుదైతే కిలో. ఈ ఒక్క కిలో కోసం జనం తెగ మథనపడతారు, అందుకే లెక్క కట్టి చూడటం మంచిది. నర్సీపట్నం నుంచి లంబసింగికి ఎక్కే ఎత్తు సుమారు 900 మీటర్లు అనుకుందాం. ఒక కిలోను అంత ఎత్తుకు మోయడానికి పట్టే శక్తి దాదాపు 8,800 జౌళ్లు. ఓ మాదిరి తొక్కుడు తొక్కేవాడి కాళ్లు సెకనుకు 150 జౌళ్లు ఇస్తాయి. భాగిస్తే వచ్చేది యాభై తొమ్మిది సెకన్లు. రెండు గంటల ప్రయాణంలో ఒక్క నిమిషం. దారిలో అనాసపండు ముక్కలు తినడానికి ఆగితే పోయేది అంతకన్నా ఎక్కువ. పందెంలో ఆ నిమిషానికి కిరీటం ఉంటుంది, అందుకే 1990ల నడుమ దాకా ఉక్కు మీద సాగిన టూర్ ద ఫ్రాన్స్ వీరులు తర్వాత అల్యూమినియానికి, కార్బన్‌కు మళ్లారు. మంచు చూసి మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాడికి ఆ నిమిషంతో పనేముంది?

సైజు సరిపోకపోతే పైన చెప్పిందంతా దండగ. గోడకు ఆనుకుని చెప్పుల్లేకుండా నిలబడి, కాళ్ల మధ్య ఒక గట్టి అట్ట పుస్తకాన్ని సీటులా పైకి నొక్కి పట్టుకుని, దాని పై అంచు నుంచి నేల దాకా టేపుతో కొలవాలి. ఆ కొలత 80 సెంటీమీటర్లనుకుంటే, సైకిలు పందెగాడు గ్రెగ్ లెమాండ్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ప్రకారం 0.67తో గుణిస్తే ఫ్రేము 53 లేదా 54. 0.883తో గుణిస్తే పెడళ్ల ఇరుసు నుంచి సీటు పైభాగానికి ఎత్తు 70 సెంటీమీటర్ల పైన. ఇవి గీసిన గీతలేం కావు, ఆరంభానికి పనికొస్తాయి. అయిదడుగుల రెండంగుళాల లోపు ఎత్తున్నవాళ్లు, మన ఆడవాళ్లలో చాలామంది, ఇంకొకటి చూసుకోవాలి. చిన్న ఫ్రేముకు పెద్ద చక్రాలు వేస్తే మలుపులో ముందు చక్రం కాలి బొటనవేలికి తగులుతుంది. ఘాటు మలుపులో అది పడేస్తుంది. వాళ్లకు 650బీ లేదా 26 అంగుళాల చక్రాలకు కట్టిన ఫ్రేమే సరైనది. షాపులో ఉన్నదాన్నే "సీటు దించితే సరిపోద్దమ్మా" అని అంటగట్టబోతే లేచి రావడమే.

కొత్తది కొనే స్తోమత లేక పాత ఉక్కు ఫ్రేము వెతికేవాళ్లూ ఉన్నారు, వాళ్లది తెలివైన దారి. హెడ్ గొట్టం వెనక, కింది గొట్టం అడుగున వేలితో తడిమి చూడాలి. రంగు కింద చర్మం ముడతలా చిన్న అల తగిలితే, ఆ సైకిలు ఎప్పుడో దేనికో ఎదురుగా గుద్దుకుంది. తర్వాత ఒక నూలు దారం. వెనక చక్రం ఇరుసు కూర్చునే కుడి గాడికి, అంటే డ్రాపౌటుకు కట్టి, హెడ్ గొట్టం చుట్టూ తిప్పి, ఎడమ డ్రాపౌటుకు బిగించి లాగాలి. నడుమ సీటు గొట్టానికి రెండుపక్కలా దారం ఎంత దూరంలో ఉందో స్కేలుతో కొలవాలి. అటూఇటూ సమానమైతే ఫ్రేము నిటారుగా ఉన్నట్టు. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా ఉంటే వెనక త్రికోణం వంకర పోయింది. ఉక్కు కాబట్టి దాన్ని చల్లగానే వంచి సరిచేయవచ్చు. పాత 126 మిల్లీమీటర్ల వెనక సందును 130కి విడదీసి కొత్త చక్రం వేసుకోవడమూ ఇలాగే. కార్బన్‌తో ఈ పప్పులేం ఉడకవు.

విరిగితే వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లొచ్చు అన్నది ఉక్కు తరఫున అందరూ చెప్పే మాట. సగమే నిజం. మందపాటి పాత రోడ్‌స్టరుకు గేట్లు చేసే చేతి వెల్డింగే చాలు. 0.6 మిల్లీమీటర్ల గొట్టానికి ఆ మంట తగిలితే బెజ్జం పడుతుంది. సుమారు 900 డిగ్రీల వద్ద ఇత్తడి కరిగించి అతికే చేయి కావాలి, పాత గ్యాసు వెల్డరు ఎవరైనా దొరికితే అదృష్టం. ఏజెన్సీలో చిక్కుకుంటే మాత్రం ఊరు చేరడానికి ఏ అతుకైనా అతుకే.

నర్సీపట్నం గాలిలో ఉక్కుకు అసలు శత్రువు తుప్పు. అది బయటినుంచి రాదు. సీటు గొట్టం సందులోంచి దిగిన వాననీరు పెడళ్ల ఇరుసు గూట్లో చేరి, రంగు నిగనిగలాడుతుండగానే లోపలినుంచి తినేస్తుంది. కొనేటప్పుడు ఆ గూటి అడుగున నీరు కారే చిల్లి ఉందో లేదో సైకిలు పైకెత్తి చూడాలి. లేకపోతే వేయించుకోవాలి. తొలకరికి ముందు సీటుకడ్డీ తీసి, అవిసె నూనె ఒక గ్లాసు గొట్టాల్లో పోసి, ఫ్రేమును అన్ని వైపులా తిప్పి, ఒక రాత్రంతా బోర్లా వేలాడదీస్తే మిగిలిన నూనె నేల మీద పరిచిన పాత పేపరు మీదికి కారిపోతుంది. సీటుకడ్డీని గ్రీజు రాసి మళ్లీ దించాలి. గ్రీజు లేకుండా దించితే రెండేళ్లకు అది గొట్టంతో ఒకటైపోతుంది, ఎంతమంది పట్టి లాగినా రాదు.